ఒకే బలిపీఠం, రెండు శ్మశానాలు

"మనలో కులం లేదండీ. జ్ఞానస్నానపు నీళ్ళతోనే అది కొట్టుకుపోయింది. మనమందరం క్రీస్తునందు ఒక్కటే." తెలుగునాట కతోలిక విచారణలలో ఈ మాట వినని సంవత్సరం ఉండదు. సమావేశంలో ఎవరో ఒకరు లేచి ఇబ్బందికరమైన ప్రశ్న వేస్తారు. పెద్దలలో ఒకరు చిరునవ్వుతో ఈ మాట అంటారు. అడిగినవాడు కూర్చుంటాడు. ముగింపు ప్రార్థన చెప్పుకొని అందరూ తమ తమ పేటలకు, తమ తమ పల్లెలకు వెళ్ళిపోతారు. ఎవరు ఏ వీధికి వెళ్ళారో గమనించినవారికి ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

వ్యాకరణం చెప్పి బ్రతికినవాణ్ణి కనుక వాదాన్ని వ్యాకరణంతోనే మొదలుపెడతాను. "లేదు" అనడానికీ "ఉండరాదు" అనడానికీ భేదం ఉన్నది. మొదటిది వార్త, రెండవది విధి. పునీత పౌలు గలతీయులకు వ్రాసిన లేఖ మూడవ అధ్యాయంలో యూదుడు, గ్రీసుదేశస్థుడు, దాసుడు, స్వతంత్రుడు, స్త్రీ, పురుషుడు అనే భేదాలు క్రీస్తునందు లేవని చెప్పాడు. ఆయన చెప్పింది వార్త కాదు. ఆ సంఘంలో ఆ భేదాలు నిక్షేపంగా ఉన్నాయి కనుకనే, సున్నతి పొందినవారు పొందనివారిని తక్కువగా చూస్తున్నారు కనుకనే ఆయన ఆ లేఖ వ్రాయవలసి వచ్చింది. అది విధివాక్యం. మనవారు చేసిన గొప్ప పని ఏమంటే, ఆ విధిని వార్తగా చదువుకోవడం. "ఉండరాదు" అన్నదానిని "లేదు" అని చదువుకుంటే ఇక చేయవలసిన పని ఏమీ మిగలదు. శ్రమ తప్పిపోతుంది, మనస్సాక్షి నిద్రపోతుంది.

కులం లేదని ఇంట్లో చెప్పే ఈ శ్రీసభే ఢిల్లీలో ఏమి చెబుతున్నదో చూద్దాం.

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు జారీ చేశారు. దాని మూడవ పేరా ప్రకారం హిందూమతం కాక వేరే మతం అవలంబించినవాడు షెడ్యూల్డు కులస్థుడుగా పరిగణింపబడడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ నిబంధన సడలించారు. క్రైస్తవ దళితులకు, ముస్లిం దళితులకు సడలించలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాలలో క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారిని బి.సి.–సి వర్గంలో ఉంచి 1 శాతం రిజర్వేషను ఇచ్చారు. ఫలితం అందరికీ తెలిసిందే. కాగితం మీద ఒక పేరు, గుడిలో ఒక పేరు. తల్లి పెట్టిన పేరు బడి రిజిష్టరులో చెప్పడానికి బిడ్డ తడబడే దుస్థితి.

ఈ అన్యాయం మీద శ్రీసభ దశాబ్దాలుగా పోరాడుతున్నది. అది న్యాయమైన పోరాటం. ఏటా ఆగస్టు 10ని నల్లదినంగా పాటిస్తున్నది. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు ఒక నియమం చెప్పింది: మతం మారిన తరువాత కూడా పాత కులం వల్ల కలిగే వైకల్యాలు కొత్త సమాజంలో అదే తీవ్రతతో కొనసాగుతున్నాయని చూపించాలి. అప్పటినుండి శ్రీసభ న్యాయవాదుల భారమంతా దానిని చూపించడం మీదనే ఉన్నది. 2007లో ప్రభుత్వానికి సమర్పించిన రంగనాథ మిశ్రా కమిషన్ నివేదిక మతంతో నిమిత్తం లేకుండా షెడ్యూల్డు కుల హోదా ఇవ్వాలని సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో ఈ విషయమే పరిశీలించడానికి కేంద్రప్రభుత్వం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరొక కమిషన్‌ను నియమించింది.

మరి ఆ వైకల్యాలు కొనసాగుతున్నది ఏ సమాజంలో? ఊరి రచ్చబండ దగ్గర మాత్రమే అని చెబితే వాదం సగమే నిలుస్తుంది. కోర్టు అడిగింది కొత్త సమాజం సంగతి. కొత్త సమాజమంటే మనమే. అంటే ఆగస్టు 10న నల్ల రిబ్బను కట్టుకొని మనం లోకానికి చాటుతున్నది, మా గుడిలో కూడా కులం ఉన్నదని. ఐదురోజులు గడిచి ఆగస్టు 15 వస్తుంది. మరియమాత మోక్షారోపణ పండుగ. ఆనాడు ప్రసంగంలో మనమంతా ఒక్క తల్లి బిడ్డలమని, మనలో ఏ భేదమూ లేదని వింటాం. ఆ ఐదు రోజులలో కులం ఎక్కడికి వెళ్ళింది? ఢిల్లీకి పంపే అర్జీలో ఉన్నది, విచారణ పుస్తకంలో లేదా? అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలోని రొయ్యలు ఏమైనట్లు?

ఇది నా ఒక్కడి అభియోగం కాదు. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారత కోసం ఒక విధానపత్రం విడుదల చేసింది. శ్రీసభలో అస్పృశ్యత ఆచరణలో ఉన్నదని ఆ పత్రం ఒప్పుకున్నది. దేశంలోని కోటీ తొంభై లక్షల మంది కతోలికులలో సుమారు కోటీ ఇరవై లక్షల మంది దళితులని, అయినా పీఠాధిపతులలో దళితులు పన్నెండుమందే అని అప్పుడు పత్రికలలో వచ్చింది. అంతకుముందు 2003 నవంబరులో, తమిళనాడు పీఠాధిపతులు రోముకు వెళ్ళినప్పుడు రెండవ జాన్ పాల్ పోపు గారు వారితో ఈ మాటే ముఖాముఖి చెప్పారు. క్రైస్తవుల మధ్య కులదురభిమానపు ఛాయ సైతం శ్రీసభ ఉద్దేశానికే విరుద్ధమన్నారు. రోము చెప్పింది, ఢిల్లీలో పీఠాధిపతుల సమాఖ్య చెప్పింది. విచారణ పెద్దలు మాత్రం ఇంకా "లేదండీ" అంటూనే ఉన్నారు.

* * *

ఈ జాడ్యం నిన్న మొన్న అంటుకున్నది కాదు. తిరునెల్వేలి ప్రాంతంలో వడక్కన్‌కుళం అనే ఊరు ఉన్నది. అక్కడ 19వ శతాబ్దిలో ఒక విచిత్రమైన దేవాలయం కట్టారు. బలిపీఠం ఒక్కటే. దానినుండి రెండు కాళ్ళవలె రెండు మండపాలు విడివిడిగా సాగుతాయి. ఒకదానిలో వెళ్ళాళులు మొదలైనవారు, మరొకదానిలో నాడార్లు. ఇరువురికీ బలిపీఠం కనిపించాలి, ఒకరికొకరు కనిపించరాదు. ఇంత చక్కని వాస్తువిద్య మరెక్కడా ఉండదు! 20వ శతాబ్ది ఆరంభంలో ధైర్యంగల గురువులు ఆ అడ్డుగోడను పడగొట్టించారు. పైకులంవారు ఊరుకోలేదు, వ్యాజ్యం వేశారు. మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయారు. దేవుని సన్నిధిలో తమ కులానికి ప్రత్యేక స్థలం కావాలని క్రైస్తవులు కోర్టుకెక్కిన చరిత్ర మనది.

ఇంకా వెనుకకు వెళదాం. 1606లో ఇటలీ దేశస్థుడైన జెస్యూట్ గురువు రాబర్టో ది నొబిలి మధురకు వచ్చాడు. కాషాయం కట్టాడు, మాంసం మానాడు, తమిళం, సంస్కృతం, తెలుగు నేర్చాడు. పరదేశపు మతాన్ని దేశీయుల నోట దేశీయంగా పలికించాలన్న ఆయన తపనను నేను తక్కువ చేయను. 1623లో పదిహేనవ గ్రెగొరీ పోపు గారు జందెం, పిలక, గంధం వంటి ఆచారాలను కొత్త క్రైస్తవులు ఉంచుకోవడానికి అనుమతి ఇచ్చారు. ఆచారాలలో దోషం లేకపోవచ్చు. అయితే అప్పటికే మధురలో పరవ క్రైస్తవులకు ఒక గుడి ఉన్నది. నొబిలి ఆ గుడికి దూరంగా ఉండి, పైకులాల వారి కోసం వేరే గుడి పెట్టుకున్నాడు. తరువాత 1640 ప్రాంతం నుండి గురువులలోనే రెండు శ్రేణులు ఏర్పడ్డాయి. పైకులాలకు బ్రాహ్మణ సన్యాసులవంటి గురువులు, కిందికులాలకు పండారస్వాములు. గురువులు ఇరువురూ ఒకే సభకు చెందినవారు, ఇరువురూ ఒకే బలి అర్పించేవారు. కానీ జనం చూస్తుండగా కలిసి తిరుగరాదు.

1704లో పోపు గారి ప్రతినిధి తూర్నోన్ పుదుచ్చేరిలో ఒక శాసనం చేశాడు. జబ్బుపడిన పరయవాని ఇంటికి గురువు స్వయంగా వెళ్ళి దివ్యసంస్కారాలు ఇవ్వాలన్నది అందులో ఒక అంశం. రోగి గడప తొక్కడానికి శాసనం కావలసి వచ్చింది! ఆ అంశం మీద నలభై ఏళ్ళు వివాదం నడిచింది. 1744లో పదునాలుగవ బెనెడిక్ట్ పోపు గారు ఈ మలబారు ఆచారాల వివాదాన్ని ముగించారు. ముగింపులో కూడా పరయవారికి వేరుగా గురువులను నియమించే ఏర్పాటుకు ఒప్పుకోవలసి వచ్చింది. శాసనం నిలిచింది, గడప కూడా అలాగే నిలిచింది.

ఈ చరిత్ర తమిళులది, మనకేమి సంబంధం అని చదువరులు అడగవచ్చు. సంబంధం ఉన్నది. ఫ్రెంచి జెస్యూట్ గురువులు 18వ శతాబ్ది తొలిభాగంలో కర్ణాటక మిషను పేర తెలుగుసీమలోకి అడుగుపెట్టినప్పుడు అదే సన్యాసి వేషంతో, అదే కులక్రమంతో వచ్చారు. మొదట జ్ఞానస్నానం పొందినవారిలో భూమి కలిగిన కులాల కుటుంబాలు ఉన్నాయి. మంగళగిరి ఆనందకవి "వేదాంతరసాయనం" వంటి క్రైస్తవ ప్రబంధం వెలువడడానికి వారి సాహిత్యాభిరుచి కూడా దోహదం చేసింది. మాల, మాదిగ పల్లెలు పల్లెలుగా శ్రీసభలోకి వచ్చింది తరువాతి కాలంలో. ముందు వచ్చినవారు ఊరిలో ఉన్నారు, తరువాత వచ్చినవారు పల్లెలో ఉన్నారు. కాబట్టి మన దగ్గర వడక్కన్‌కుళం వలె గుడి మధ్య గోడ కట్టవలసిన అవసరం పడలేదు. ఊరి పటమే గోడ. ఊరిలో పెద్ద గుడి, పల్లెలో చిన్న గుడి. అందుకే "మాకు గోడ లేదు" అని మనం ధీమాగా చెప్పగలుగుతున్నాం.

బ్రతికినవారి సంగతి సరే, చనిపోయినవారి సంగతి చూడండి. తిరుచిరాపల్లి మేలపుదూరు కతోలిక శ్మశానంలో దళితుల సమాధులను వేరుచేస్తూ గోడ ఉన్న సంగతి దేశమంతటికీ తెలిసింది. ఆనాటి విళుపురం జిల్లాలోని ఎరైయూరులో దళిత కతోలికులు తమ శవయాత్ర పెద్దవీధిగుండా వెళ్ళనివ్వాలని, తమ గుడిని వేరే విచారణగా గుర్తించాలని అడిగారు. 2008 మార్చిలో అక్కడ వన్నియ కతోలికులకు, దళిత కతోలికులకు ఘర్షణ జరిగి, పోలీసు కాల్పులలో ఇద్దరు మరణించారు. ఇరుపక్షాలవారూ అంతకుముందు ఆదివారం ఒకే సత్ప్రసాదం పుచ్చుకున్నవారే. మరణానంతర పునరుత్థానాన్ని విశ్వసించేవారు సమాధుల మధ్య గోడ కట్టడంలోని తర్కం నాకు ఎంత ఆలోచించినా బోధపడదు. తీర్పుదినాన బూర ఊదినప్పుడు గోడకు ఆవలివారు ముందు లేస్తారని భయమా?

కేరళలో క్నానాయ కతోలికుల సంగతి మరొక విధం. అది కులం పేరుతో కాక రక్తశుద్ధి పేరుతో నడుస్తుంది. 1911లో పదవ పయస్ పోపు గారు వారికి కోట్టయంలో ప్రత్యేక పీఠం ఏర్పాటు చేశారు. తమ వర్గం వెలుపల పెళ్ళి చేసుకున్నవారు, ఆ పెళ్ళి సాటి కతోలికునితోనే అయినా, ఆ పీఠపు సభ్యత్వం కోల్పోతూ వచ్చారు. ఆ వివాదం న్యాయస్థానాలకు ఎక్కింది. మనవారు దానిని చూసి నవ్వనవసరం లేదు. మన ఆదివారపు పత్రికలలో వధూవరుల ప్రకటనలు చూడండి. "ఆర్.సి. రెడ్డి", "ఆర్.సి. కమ్మ" అని కనిపిస్తుంది. "ఆర్.సి." ఎన్ని అక్షరాలున్నదో, దాని తరువాత వచ్చే మాట ఎంత గట్టిగా నిలబడిందో చదివినవారికి తెలుస్తుంది. మాల, మాదిగల మధ్య కూడా అదే దూరం. ఆ దూరం గురించి మాట్లాడకుండా పైకులాలను మాత్రమే నిందిస్తే నా మాట అర్ధసత్యం అవుతుంది.

* * *

ఇక సంస్కృతి మాట. రెండవ వాటికన్ మహాసభ 1963లో దైవార్చన గురించిన నిర్ణయపత్రం వెలువరించి, ప్రజల భాషలకు, సంప్రదాయాలకు గుడి తలుపులు తెరిచింది. లాటిన్ పోయి తెలుగు వచ్చింది. ఒక తెలుగు ఉపాధ్యాయునికి ఇంతకంటె సంతోషకరమైన సంగతి ఏముంటుంది? 1969లో భారతదేశానికి పన్నెండు మార్పులు ఆమోదించారు. పాదరక్షలు విడవడం, నేలమీద కూర్చోవడం, దీపం, హారతి, పుష్పాలు. బెంగుళూరు కేంద్రంగా అమలోర్పవదాస్ స్వామి వారు ఈ ఉద్యమానికి ప్రాణం పోశారు. ఇదంతా మెచ్చదగినదే.

కాని ఒక ప్రశ్న. భారతీయ సంస్కృతి అని మనం గుడిలోకి తెచ్చినది ఎవరి సంస్కృతి? హారతి వచ్చింది, ఓంకారం వచ్చింది, వీణ వచ్చింది, సంస్కృత సమాసాలతో బరువెక్కిన కీర్తనలు వచ్చాయి. డప్పు వచ్చిందా? విచారణ జనంలో అత్యధికుల ఇళ్ళలో పుట్టుకకు, పెళ్ళికి, చావుకు మ్రోగేది డప్పు. పండుగనాడు అది తేరు ముందు వీధిలో మ్రోగుతుంది, గుమ్మం దగ్గర ఆగిపోతుంది. లోపల కీబోర్డు. పల్లె స్త్రీలు నాట్లు వేస్తూ కట్టుకున్న బాణీలలో, చనిపోయినవారిని తలచుకొని ఏడ్చే ఏడ్పుపాటలలో ఎంత భక్తి, ఎంత వేదన ఉన్నదో వారితో కూర్చున్నవారికి తెలుసు. అవి మన పాటల పుస్తకాలలో ఎన్ని? నొబిలి కాలంలో సంస్కృతి అంటే పైకులాల ఆచారం. నాలుగువందల సంవత్సరాల తరువాత కూడా మన నిఘంటువులో ఆ పదానికి అర్థం పెద్దగా మారలేదు. సమాసాలను ప్రేమించి, వాటినే పిల్లలకు నేర్పిన పండితుడనే ఈ మాట అంటున్నాను. సమాసం అందమైనదే. అయితే ప్రార్థన చేసే తల్లి నోటికి అది తిరగకపోతే ఆమె ప్రార్థన చేయడం లేదు, మన ప్రార్థనకు తాను శ్రోతగా కూర్చున్నది.

గుర్రం జాషువ 1941లో "గబ్బిలం" వ్రాసినప్పుడు అందులోని అస్పృశ్యుడు తన గోడు దేవునికి చెప్పమని గబ్బిలాన్ని పంపుకున్నాడు. మనిషిని రానివ్వని కోవెలలోకి గబ్బిలం వెళ్ళగలదు కనుక. ఆ మహాకవి క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడన్న సంగతిని మనం గర్వంగా చెప్పుకుంటాం. మన గుడులలోకి మనిషికి ప్రవేశం ఉన్నదే. అయినా వెనుక వరుసలో కూర్చున్నవాని గోడు ముందు వరుస దాటి పీఠం దాకా రావడానికి నేటికీ ఒక గబ్బిలం కావలసి వస్తున్నది.

* * *

ఈ మాటలు ఎత్తినప్పుడు వచ్చే ప్రత్యుత్తరాలు నాకు తెలుసు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది: "కులం గురించి మాట్లాడితేనే కులం పెరుగుతుంది." ఈ లెక్కన క్షయ అనే మాట పలకకపోతే ఊపిరితిత్తులు బాగుపడాలి. మౌనం వల్ల ఎవరికి సుఖమో గమనించండి. కులం వల్ల నష్టపోయినవాడు ఎన్నడూ ఈ మాట అనలేదు.

రెండవది: "బయట మనమీద దాడులు జరుగుతున్న రోజులివి. ఇంటిగుట్టు రచ్చకెక్కించవచ్చునా?" దాడులు జరుగుతున్న మాట నిజం. కాని ఏదైనా పల్లెలో ప్రార్థనామందిరం మీద రాయి పడితే అది ఎవరి నెత్తిమీద పడుతున్నది? పల్లెలోని పేదల నెత్తిమీద. దెబ్బలు తినేటప్పుడు వారు మనవారు, పాలకసభలో పేర్లు వ్రాసేటప్పుడు వారు పల్లెవారు. ఈ ద్వంద్వనీతి ఎంతకాలం నిలుస్తుంది?

మూడవది: "ఇంకేమి కావాలి? దళితుడు అగ్రపీఠాధిపతి అయ్యాడు, కార్డినల్ అయ్యాడు." అవును, అయ్యారు. 2000లో మారంపూడి జోజి గారు హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయినప్పుడు దేశంలో ఆ స్థానం పొందిన తొలి దళితుడు ఆయనే. 2022 ఆగస్టు 27న పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తొలి దళిత కార్డినల్, తొలి తెలుగు కార్డినల్ కూడా. తెలుగువారందరూ గర్వించవలసిన రోజు అది. అయితే నొబిలి మధురకు వచ్చిన నాటినుండి లెక్కించండి, ఆ రోజు రావడానికి నాలుగు శతాబ్దాలు దాటింది. పైగా, శిఖరం మీద ఒక కలశం వెలిగినంత మాత్రాన పునాదిరాళ్ళ మీద బరువు తగ్గదు. హైదరాబాదులో దళితుడు కార్డినల్ అయినందువల్ల మారుమూల విచారణలో దళితురాలు వాచకం చదవడానికి పీఠం ఎక్కగలుగుతున్నదా? దానికి జవాబు ఆ విచారణలోనే వెతకాలి.

నాలుగవది: "అర్హత రావాలి కదండీ, చదువు ఉండాలి కదా." ఇది విన్నప్పుడు ఉపాధ్యాయునిగా నాకు నవ్వు, కోపం ఒక్కసారే వస్తాయి. చదువు చెప్పవలసినది ఎవరు? ఈ రాష్ట్రాలలో పేరుమోసిన బడులు, కళాశాలలు శ్రీసభ చేతిలో ఉన్నాయి. ఊరూరా ఆర్.సి.ఎం. బడి పెట్టి కూలివాని బిడ్డ చేతిలో పలక పెట్టింది కూడా శ్రీసభే. ఆ ఋణం పల్లెలు మరువవు, నేనూ మరువను. కాని తరువాత ఏమైనది? పట్టణాలలో కాన్వెంటులు పెరిగాయి, వాటి ఫీజులు పెరిగాయి. పల్లెలలోని తెలుగు మాధ్యమం బడులు ఉపాధ్యాయులు లేక, పిల్లలు లేక ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. పట్టణపు కాన్వెంటు ముందు ఆగే కార్లలో దిగే పిల్లలలో మన విచారణలోని వ్యవసాయ కూలీల పిల్లలు ఎందరు? తాళం మన చేతిలో ఉంచుకొని, లోపలికి రాలేకపోయావు కనుక నీకు అర్హత లేదనడం ఏ సువార్తలో ఉన్నది?

ఐదవది అందరికంటె గడుసువారి మాట: "ఇది వివక్ష కాదండీ, ఆచారం. అమెరికాలో తెల్లవారు నల్లవారిని చూసినట్లు మనం చూస్తున్నామా?" దూరపు కొండలు నునుపు, దూరపు పాపాలు నలుపు. అమెరికా సంగతే చూద్దాం. 1838లో మేరీలాండు జెస్యూట్ గురువులు జార్జిటౌన్ కళాశాల అప్పు తీర్చడానికి 272 మంది బానిసలను అమ్మారు. బానిసగా పుట్టిన అగస్టస్ టోల్టన్ గురువు కావాలనుకున్నప్పుడు అమెరికాలో ఒక్క గురువిద్యాలయం కూడా చేర్చుకోలేదు. అతడు రోముకు వెళ్ళి చదివి 1886లో అక్కడ అభిషేకం పొందవలసి వచ్చింది. లీమా నగరపు పునీత మార్టిన్ డి పోరెస్ తల్లి ఆఫ్రికా సంతతి స్త్రీ కనుక, మఠంలో సేవకునిగానే మొదట అడుగుపెట్టనిచ్చారు. ఆయన 1639లో మరణిస్తే 1962లో పునీతుడని ప్రకటించారు. 2025 మే 8న ఎన్నికైన పదునాలుగవ లియో పోపు గారి మాతృవంశంలో న్యూ ఆర్లియన్సు క్రియోల్ నల్లజాతి మూలాలు ఉన్నాయని తెలిసినప్పుడు అమెరికాలోని నల్ల కతోలికులు ఎంత పొంగిపోయారో పత్రికలలో చదివాం. వారికి ఆ ఆనందం ఎందుకో మనకు అర్థమైతే, మన పల్లెలకు 2022లో కలిగిన ఆనందం కూడా అర్థం కావాలి.

నేడు తెలుగు గురువులు అనేకులు అమెరికాలో విచారణలు నడుపుతున్నారు. అక్కడ ఎవరైనా వారి ఉచ్చారణను వెక్కిరించినా, రంగు చూసి ముఖం తిప్పుకున్నా మనకు మనసు చివుక్కుమంటుంది. చివుక్కుమనాలి కూడా. సాటి కతోలికుడు జాతి చూసి దూరం జరగడం పాపమని అప్పుడు మనకు ఎవరూ బోధించనక్కరలేదు. ఆ బోధ స్వగ్రామంలో విమానం దిగగానే మరుపునకు రావడమే ఆశ్చర్యం. 1965లో మహాసభ జాతి, వర్ణం, జీవనస్థితి, మతం అనే నాలుగింటినీ ఒకే వాక్యంలో పేర్కొని, వీటిని బట్టి చేసే వివక్ష క్రీస్తు మనసుకు విరుద్ధమన్నది. వర్ణం అంటే తెల్లవాని పాపం, జీవనస్థితి అంటే ఎవరిదీ కాదు అని అనువదించుకోవడానికి మనకు అధికారం ఎవరిచ్చారు?

* * *

"చేర్చుకోవాలి, కలుపుకుపోవాలి" అని ఈ మధ్య సదస్సులలో తరచు వినబడుతున్నది. సదుద్దేశంతో అనేవారిని నేను తప్పుపట్టను. కాని ఆ క్రియకు కర్త ఎవరు, కర్మ ఎవరు? చేర్చుకునేవాడు ఇంటి యజమాని, చేర్చుకోబడేవాడు గుమ్మంలో నిలిచిన అతిథి. కోటీ తొంభై లక్షలలో కోటీ ఇరవై లక్షలైనవారు అతిథులా? వారి చందాలతో, వారి రెక్కల కష్టంతో, వారు మోసిన ఇటుకలతో లేచిన గుడిలోకి వారిని చేర్చుకోవడమేమిటి? వాక్యం తిరగవ్రాయాలి. వారు ఇంటివారు. వారి ఇంట్లో మనం ఎలా మెలగాలన్నదే ప్రశ్న.

కనుక కొత్త తీర్మానాలు నేను అడగను. అడిగేవి ఆచరణకు సులువైనవి. 2016 నాటి విధానపత్రాన్ని సరళమైన తెలుగులో ప్రతి విచారణలోను ప్రసంగపీఠం మీదినుండి చదవాలి. ఏ మేరకు అమలు చేశారో ఏటా ఒకసారి అదే పీఠం మీదినుండి లెక్క చెప్పాలి. పాలకసభలో, ఆర్థిక సంఘంలో పల్లెల ప్రతినిధులు వారి జనసంఖ్యకు తగినంతమంది ఉండాలి. వారిలో స్త్రీలు ఉండాలి. తాళంచెవులు, లెక్కల పుస్తకాలు కూడా వారి చేతికి రావాలి. పండుగనాటి తేరు ఊరివీధులలో తిరిగినట్లే పల్లెవీధులలోను తిరగాలి. ముందు తిరిగితే మరీ మంచిది. పట్టణపు కాన్వెంటులలో పల్లె విచారణల పిల్లలకు నిర్ణీత సంఖ్యలో సీట్లు ఉండాలి, ఫీజు మేత్రాసనం భరించాలి. కులాంతరవివాహం చేసుకున్న కతోలిక దంపతులకు విచారణ అండగా నిలవాలి. డప్పు గుమ్మం దాటి లోపలికి రావాలి.

పారిష్ అనే మాటకు మన పూర్వులు "విచారణ" అని పేరు పెట్టారు. ఎంత అందమైన మాట! బిడ్డల యోగక్షేమాలు విచారించడం అని ఒక అర్థం, నిజానిజాలు విచారించడం అని మరొక అర్థం. మన విచారణలు మొదటి అర్థాన్ని కొంత నిలుపుకున్నాయి, రెండవదానిని పూర్తిగా మరచాయి.

నవంబరు 2న సకల ఆత్మల స్మరణదినం వస్తుంది. గురువులు సమాధులు ఆశీర్వదిస్తారు, మనం కొవ్వొత్తులు వెలిగిస్తాం. మీ ఊరిలో శ్మశానం ఒక్కటే అయితే మీరు ధన్యులు. రెండు ఉంటే, గురువు ఆనాడు మొదట పల్లె శ్మశానానికి వెళ్ళాలని ఇప్పుడే పాలకసభలో తీర్మానం పెట్టండి. ఊరివారందరూ ఆయన వెంట నడవాలని కూడా అందులో చేర్చండి. ఎవరు లేచి ఏమని అభ్యంతరం చెబుతారో వినండి. మనలో కులం ఉన్నదో లేదో అప్పుడు ఎవరినీ అడగవలసిన పని ఉండదు.